ఐదేళ్ల బాబు, ఏడేళ్ల పాప, ఇంటి చదువు: ఒక వారం బియ్యంతో ఎలా గడుస్తుందంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఊరు మారడం వల్ల ఈ ఏడాది పిల్లలిద్దరినీ ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నారు. పాపకు ఏడేళ్లు, బాబుకు ఐదేళ్లు. పుస్తకం ముందు కూర్చోబెట్టకుండా చేతులతో చేయిస్తూ నేర్పాలని ఉంది. కానీ సోమవారం నుంచి శనివారం దాకా ఏ రోజు ఏం చేయించాలో, ఎన్ని గంటలు కూర్చోవాలో, ఇద్దరికీ కలిపి ఎలా చెప్పాలో అంతుపట్టడం లేదు. పైగా పిల్లలు వెనకబడిపోతారేమోనని టెన్షన్.

సూటిగా చెబుతాను. వారానికి ఒకే వస్తువు పట్టుకోండి. రోజుకు రెండు గంటలు చాలు. ఇద్దరికీ పని ఒకటే, అడిగే ప్రశ్న మాత్రం వేరు. కిట్లు కొనకండి, కనీసం మొదటి రెండు నెలలు. వంటింట్లో ఉన్నదానికంటే మంచి కిట్ బజార్లో దొరకదు.

నేను కొన్నాళ్లు ప్రైమరీ టీచర్‌గా చేశాను. తర్వాత మా ఇద్దరు పిల్లలకు ఐదో తరగతి ఈడు వచ్చేదాకా ఇంట్లోనే చెప్పుకున్నాను. ఇప్పుడు మా చుట్టుపక్కల ఇలా చదివిస్తున్న ఇళ్లకు వెళ్లి కాస్త సాయం చేస్తుంటాను. నేను చెప్పేదంతా ఆ అనుభవంలోంచే.

చాలామంది తల్లిదండ్రులు సోమవారం కాగితం పువ్వులు, మంగళవారం అగ్నిపర్వతం, బుధవారం రంగుల ఇసుక అని రోజుకొక కొత్త పని పెట్టుకుంటారు. ముందురోజు రాత్రి పదకొండింటి దాకా సామాను సర్దడం, పొద్దున పిల్లలు పది నిమిషాల్లో ముగించి "ఇంకేంటి?" అనడం, మూడో వారానికి అమ్మకు ఓపిక అయిపోవడం. చేతులకు పని తగిలింది గానీ బుర్రకు తగల్లేదు. అదే ఒక వస్తువును వారమంతా తిప్పి తిప్పి చూస్తే పిల్లలే ప్రశ్నలు వేయడం మొదలుపెడతారు. నేను ఎవరికైనా మొదటి వారానికి బియ్యమే చెబుతాను. అందరి ఇళ్లలో ఉంటుంది, ఒలికినా ఎత్తుకోవచ్చు, లెక్కలు, భాష, సైన్సు, భూగోళం అన్నీ అందులోనే దొరుకుతాయి.

సోమవారం: కొలతలు. ఒక గిన్నె నిండా బియ్యం, ఇంట్లో ఉన్న రకరకాల పాత్రలు. అమ్మమ్మగారింట్లో పాత సోల, తవ్వ, మానిక ఉంటే తెచ్చుకోండి, ఈ వారానికి బంగారం లాంటివి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. రెట్టింపులు, సగాలు, పావులు అన్నీ ఇందులోనే ఉన్నాయి. బాబుకు "ఈ గిన్నె నిండాలంటే ఎన్ని గ్లాసులు?" చాలు. ముందు ఊహించమనండి, తర్వాత పోయమనండి. పాపకు "మానికలో ఎన్ని గిద్దలు? పోయకుండా చెప్పగలవా?" అని అడగండి. చెప్పాక పోసి చూసుకుంటుంది.

ఇక్కడ ఒక విషయం కాస్త ఆగి చెప్పాలి. ఈమధ్య నేను వెళ్లిన ఒక ఇంట్లో మీ బాబు ఈడు పిల్లాడే ఉన్నాడు. వెడల్పు గిన్నెలోని బియ్యాన్ని వాడి కళ్ల ముందే పొడుగు గ్లాసులోకి వంచాం. "ఇప్పుడు ఎక్కువయ్యాయి" అన్నాడు. గింజ కలపలేదు, తీయలేదు, అయినా అంతే. అక్క పక్కన నవ్వడం మొదలుపెట్టింది. తల్లి వెంటనే "కాదు నాన్నా, రెండూ ఒకటే" అని సరిదిద్దబోయింది, నేను వద్దన్నాను. పియాజె అనే స్విస్ శాస్త్రవేత్త చాలాకాలం కిందటే చూపించిన సంగతి ఇది. ఆ ఈడు పిల్లలకు ఎత్తు ఎక్కువగా కనిపిస్తే పరిమాణమే ఎక్కువ అనిపిస్తుంది. సాధారణంగా ఆరేడేళ్లకు ఆ ఆలోచన దానంతటదే మారుతుంది. మనం చెబితే మాట వింటాడు, నమ్మడు. "సరే, మళ్లీ గిన్నెలోకి పోయి" అన్నాం. పోశాడు, చూశాడు, మళ్లీ గ్లాసులోకి పోశాడు. అలా చాలాసేపు అదే పని. చివర్లో కూడా "గ్లాసులోనే ఎక్కువ" అన్నాడు, కానీ ఈసారి గొంతులో అంత నమ్మకం లేదు. ఆ రోజుకు అది చాలు. చిన్నవాడి తప్పు జవాబును పెద్దది ఎగతాళి చేయకుండా చూసుకోవడం మాత్రం మీ పనే. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో చదువు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

మంగళవారం: ఏరడం, చెరగడం, అక్షరాలు. వీలైతే దోసెడు వడ్లు సంపాదించండి. వడ్లగింజను గోటితో ఒలిస్తే ఊక వస్తుంది, లోపల ముడిబియ్యం గింజ, దానిమీద పొర తవుడు. విరిగినవి నూకలు. చేటలో వేసి చెరిగితే ఊక ముందుకు ఎగిరిపోతుంది, గింజ వెనక్కి పడుతుంది. "ఎందుకు?" అని పాపను అడగండి. "తేలికగా ఉంది కాబట్టి" అనే దాకా ఓపిక పట్టండి. ఇప్పటి పిల్లలకు చేట పట్టడమే పెద్ద వేడుక, ఇల్లంతా ఊకవుతుంది, కాబట్టి ఆరుబయటో డాబామీదో పెట్టుకోండి.

తర్వాత పళ్లెంలో పలుచగా బియ్యం పరిచి బాబుతో వేలితో అక్షరాలు రాయించండి. అ నుంచి వరసగా వద్దు, ఒకే పోలిక ఉన్న అక్షరాలను గుంపుగా ఇవ్వండి. వ, ప, ష, మ, య ఒక గుంపు. డ, ద, ధ, థ ఒక గుంపు. బ, భ ఒక గుంపు. ఒకటి వస్తే పక్కది సగం వచ్చినట్టే. పళ్లెం ఊపితే చెరిగిపోతుంది కాబట్టి తప్పు రాశానన్న బెరుకు ఉండదు. పాపకు అప్పటికే అక్షరాలు వస్తే ఆమె చేత ఊక, తవుడు, నూకలు, వడ్లు అని చీటీలు రాయించి ఆయా కుప్పల ముందు పెట్టించండి. గుణింతాలు ఇలా అవసరం కోసం రాస్తే పట్టుబడినంత తేలిగ్గా వందసార్లు దిద్దినా పట్టుబడవు.

బుధ, గురువారాలు: దోశపిండి. వారం మొత్తానికి నాకు బాగా ఇష్టమైన పాఠం ఇది, అందుకే రెండు రోజులు ఇస్తాను.

మంగళవారం రాత్రే బియ్యం, మినప్పప్పు నానబెట్టండి. నానబెట్టే ముందు ఒక గ్లాసు బియ్యాన్ని పాప చేత తూకం వేయించి రాయించండి. బుధవారం పొద్దున నీళ్లు వంచేసి మళ్లీ తూచండి. బరువు పెరిగి ఉంటుంది. "ఏం వచ్చి చేరింది?" ఇది సులువు, చెప్పేస్తుంది. ఇప్పుడు రుబ్బిన పిండిని ఒకే సైజు గాజు సీసాలు రెండింటిలో సమంగా, సగానికి మించకుండా పోయండి. పిండి మట్టం దగ్గర సీసా చుట్టూ రబ్బరు బ్యాండు వేయించండి. రెండింటినీ తూచి రాయించండి. ఒకటి వంటింటి గట్టుమీద, ఒకటి ఫ్రిజ్‌లో. మూతలు బిగించకండి, వదులుగా పెట్టండి. పులిసేటప్పుడు గ్యాస్ పుడుతుంది, బిగిస్తే ప్రమాదం.

ఇక రోజంతా పిల్లలు వచ్చి చూస్తూనే ఉంటారు. కొన్ని గంటలకొకసారి బాబు బొమ్మ గీస్తాడు: సీసా, రబ్బరు బ్యాండు, పిండి ఎక్కడికొచ్చింది. పాప టైము వేసి రాస్తుంది. ఎండాకాలంలో అయితే సాయంత్రానికే పొంగుతుంది, చలికాలంలో మర్నాటి దాకా ఆగాలి. ఫ్రిజ్‌లోది దాదాపు ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు అసలు ప్రశ్న వేయండి: "గట్టుమీద పిండి ఎక్కువైంది కదా, మరి బరువు కూడా పెరిగి ఉంటుందా?" ఏడేళ్ల పిల్లలు దాదాపు అందరూ పెరిగిందనే అంటారు. పెద్దవాళ్లలోనూ కొందరు అంటారు, మీవారిని అడిగి చూడండి. తూకం వేస్తే ఇంట్లో వాడే తూకానికి తేడా కనపడదు. నిన్న నానిన బియ్యం బరువు పెరిగింది, ఇవాళ పొంగిన పిండి పెరగలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు పిల్ల మొహం చూడాలి.

ఎందుకంటే, పిండిలో ఉండే కంటికి కనపడని సూక్ష్మజీవులు పిండిలోని చక్కెరలను తింటూ పులుపును, కార్బన్ డయాక్సైడ్ వాయువును పుట్టిస్తాయి. మినప్పప్పు జిగురు ఆ బుడగలను బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. కొత్తగా ఏమీ వచ్చి చేరలేదు, ఉన్నదే బుడగలతో ఉబ్బింది. చలికి ఆ జీవులు మందగిస్తాయి కాబట్టి ఫ్రిజ్‌లో పొంగదు. ఐదేళ్లవాడికి "పిండిలో చిన్ని చిన్ని జీవాలు తిని గాలి వదిలాయి" అంటే చాలు, వాడు దానికి ఏ పేరు పెట్టుకుంటాడో అది పెట్టుకోనివ్వండి. గురువారం టిఫిన్‌కు రెండు సీసాల పిండితోనూ దోశలు వేసి రుచి చూడమనండి. ఏది పుల్లగా ఉంది, ఏ దోశకు ఎక్కువ కళ్లు పడ్డాయి? పెనం దగ్గరికి మాత్రం బాబును రానివ్వకండి.

గురువారం ఇంకా ఓపిక ఉంటే చిన్న పరీక్ష ఒకటి. చెంచాడు గంజిలో పుండ్లకు రాసే బెటాడిన్ ఒక చుక్క వేయండి, నీలంగా నల్లబడుతుంది. పిండి పదార్థం ఉంటే అయోడిన్ ఇచ్చే రంగు అది. బంగాళాదుంప ముక్కమీద, పంచదారమీద, ఉప్పుమీద కూడా వేసి చూడమనండి. ఎక్కడ నల్లబడింది, ఎక్కడ పడలేదు? అయ్యాక అన్నీ పారబోయాలి, నోట్లో పెట్టుకోకూడదు. బట్టలమీద పడితే మరక పడుతుంది, పాత చొక్కాలు వేయండి.

శుక్రవారం: కిరాణా కొట్టు, ముగ్గు. కొట్టుకు తీసుకెళ్లి ఎన్ని రకాల బియ్యం ఉన్నాయో, కిలో ఎంతో పాప చేత అడిగించి రాయించండి. దగ్గర్లో రైతుబజార్ ఉంటే అక్కడికి కూడా వెళ్లండి. ధరల బోర్డు చదవడం కంటే మంచి తెలుగు వాచకం ఆ ఈడుకు లేదు. రకాల పేర్లలో ఒక తమాషా ఉంది. బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మారుటేరు, ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్, జేజీఎల్ అంటే జగిత్యాల, ఎన్ఎల్ఆర్ అంటే నెల్లూరు. ఆ విత్తనం ఏ ఊరి పరిశోధన కేంద్రంలో పుట్టిందో పేరులోనే ఉంటుంది. మనం సాంబమసూరి అనేది బీపీటీ 5204. తెలంగాణ సోనా ఆర్ఎన్ఆర్ 15048. ఇంటికొచ్చి రెండు రాష్ట్రాల మ్యాపు పరిచి ఆ ఊళ్లమీద ఒక్కో బియ్యం గింజ పెట్టించండి. మన అన్నం ఏ ఊరిదో వెతుక్కునే పిల్లలకు భూగోళం వేరే చెప్పక్కర్లేదు.

సాయంత్రం బియ్యప్పిండితో ముగ్గు. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా. మొత్తం ఎన్ని చుక్కలో పెట్టకముందే చెప్పమనండి పాపను. నాలుగు, అయిదు, ఆరు, ఏడు, మళ్లీ ఆరు, అయిదు, నాలుగు: 37. అదే ఏడు చుక్కలు ఎదురు చుక్క పెట్టి ఒకటి దాకా వస్తే 25. కూడికలు ఇంత ఇష్టంగా చేయడం మీరు చూసి ఉండరు. బాబు చుక్కలు పెడితే చాలు, వరస వంకర పోయినా సరే. మర్నాడు చీమలు ఏ వైపు నుంచి వచ్చాయో చూడటం వాడి వంతు.

శనివారం పొలమో, బంధువుల ఇల్లో, పక్కింటి పిల్లలతో ఆటలో. ఆదివారం ఏమీ లేదు, నిజంగా ఏమీ పెట్టకండి.

ఇప్పుడు కొన్ని హెచ్చరికలు.

చేతిపనితోనే అన్నీ వచ్చేస్తాయనుకోవద్దు. ఈ మాట నచ్చనివాళ్లు ఉంటారు, కానీ నేను చూసినంతవరకు ఇంటి చదువు దెబ్బతినేది ఇక్కడే. చదవడం, రాయడం, ఎక్కాలు, ఈ మూడూ రోజూ సాధన చేస్తేనే వస్తాయి. రెండు గంటల్లో పాపకు అరగంట పైకి చదవడం, పావుగంట లెక్కలు, నాలుగైదు వాక్యాలు సొంతంగా రాయడం వారమంతా తప్పనిసరి. 2, 5, 10 ఎక్కాలు ఈ ఏడాది నోటికి వచ్చేయాలి. పదులు, ఒకట్లు అర్థం కాకపోతే చీపురు ఈనెలు పదేసి కట్టలు కట్టించండి, 43 అంటే నాలుగు కట్టలు, మూడు ఈనెలు. తీసివేతలో "అప్పు తెచ్చుకోవడం" అంటే కట్ట విప్పడమేనని అప్పుడు తెలుస్తుంది. బాబుకు ఈ ఏడాది అక్షరాలు, ఇరవై దాకా లెక్క, బోలెడన్ని కథలు చాలు. రోజుకు గంట దాటితే వాడిని వదిలేయండి.

చేయించడం కంటే చేశాక మాట్లాడించడం ముఖ్యం. ప్రతిరోజూ ఆఖరి పది నిమిషాలు ఒక నోటుబుక్‌కు కేటాయించండి. పాప తనే రాస్తుంది. బాబు చెబుతుంటే వాడి మాటల్లోనే మీరు రాయండి, "పిండి లావయ్యింది" అంటే అలాగే రాయండి, దిద్దకండి. బొమ్మ వాడిది. ఏడాది చివర బడిలో చేర్చాల్సి వచ్చినా, ఎవరైనా "ఏం నేర్చుకున్నారు?" అని అడిగినా చూపించడానికి ఈ పుస్తకమే ఉంటుంది.

ఇంట్లో ఇంకా చిన్న బిడ్డ పాకుతుంటే గింజలతో జాగ్రత్త. ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. రంగులు మారే ప్రయోగాలని పసుపులో సున్నం కలిపిస్తుంటారు కొందరు, సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. పసుపు నీళ్లలో సబ్బు నీళ్లు కలిపినా అదే ఎరుపు వస్తుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు.

వెనకబడతారేమోనన్న మీ భయం గురించి. బడిలో అయిదారు గంటలు ఉన్నా అందులో హాజరు, వరసలు, నోట్సు దిద్దడం, ఎదురుచూడటం పోగా పిల్లకు టీచర్ నేరుగా ఇచ్చే సమయం చాలా తక్కువ, టీచర్‌గా ఆ లెక్క నాకు తెలుసు. పక్కన కూర్చుని చెప్పే రెండు గంటలు తక్కువేం కాదు. ఇంట్లో నిజంగా లోటు పడేది చదువు కాదు, తోటి పిల్లలు. రోజూ సాయంత్రం ఆటకు మనుషులు లేని చోట ఉంటే ఆ ఏర్పాటు ముందు చేసుకోండి, పాఠాలు తర్వాత. ఇంకొకటి, ఏడేళ్లొచ్చినా అక్షరాలు పదేపదే తారుమారవుతుంటే, విన్నది పట్టుకోలేకపోతుంటే "ఇంట్లోనే వస్తుందిలే" అని ఆగకుండా పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి.

చట్టం సంగతి కూడా అడిగారు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది, అంటే బాబు ఇంకా దాని పరిధిలోకి రాలేదు, పాప వచ్చింది. ఇంటి చదువుకు అందులో ప్రత్యేకంగా ఏర్పాటు లేదు. కానీ బడికి వెళ్లని పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టం చెబుతుంది, కాబట్టి వచ్చే ఏడాది ప్రభుత్వ బడిలో తలుపు మూసుకుపోదు. ప్రైవేటు బడులు సొంతంగా పరీక్ష పెట్టి చూసుకుంటామనడం మామూలే. పాప పాత బడి నుంచి టీసీ, మార్కుల కాగితాలు ఇప్పుడే తీసి దాచుకోండి. ఇంకా చాలా ఏళ్లు ఇంట్లోనే అనుకుంటే ఎన్ఐఓఎస్ అనే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలు ఉన్నాయి, పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. మన రెండు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూళ్లు ఉన్నాయి.

ఇక బంధువులు. పెళ్లిలోనో, పండక్కో ఎవరో ఒక మావయ్య పాపను పక్కకు పిలిచి పదమూడో ఎక్కం చెప్పమంటాడు. వాదించకండి. "మావయ్యా, దోశపిండి పొంగితే బరువు పెరుగుతుందా?" అని పాప చేత ఎదురు అడిగించండి.

రెండో వారానికి నీళ్లు తీసుకోండి, మూడో వారానికి నీడ. డాబామీద కర్ర పాతి నీడ ఎప్పుడు అన్నిటికంటే పొట్టిగా ఉంటుందో గుర్తు పెట్టించడం. హైదరాబాద్‌లో సగటున పన్నెండుంపావు ప్రాంతంలో, కాకినాడలో పన్నెండు ప్రాంతంలో వస్తుంది, నెలను బట్టి అటూ ఇటూ జరుగుతుంది. మన గడియారాల టైముకు ఆధారమైన రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది కాబట్టి. వేరే ఊళ్లో ఉన్న చుట్టాలతో ఫోన్లో మాట్లాడుకుంటూ ఒకే రోజు చేస్తే ఇంకా బాగుంటుంది.

మీరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉంటున్నారో రాయలేదు. సార్వా, అంటే వానాకాలం వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో, గోదావరి వైపు దాళ్వా, అంటే రెండో పంట కోతలు ఏప్రిల్‌లో ఉంటాయి. ఊరు, నెల చెబితే బియ్యం వారం శనివారానికి పొలంలో ఏం చూపించవచ్చో రాస్తాను.